కుడిచేతి వైపు చెరువు

మా పెద్దమ్మ మోకాళ్లు రెండూ మార్పించుకుని ఏడాదిన్నర అయింది. రోజూ గంట నడవమన్నాడు డాక్టరు. మెట్లు మాత్రం వీలైనంత తగ్గించమన్నాడు. అలాంటి మనిషి శ్రీలంకలో క్యాండీ చూస్తానంది.

"అది కొండల ఊరు పెద్దమ్మా" అన్నాను.

"కొండెక్కుతానని నేనన్నానా? బుద్ధుడి పన్ను ఉన్న గుడి చూస్తాను. దాని ముందు చెరువుందిట, చుట్టూ నడుస్తాను. చెరువుగట్టు ఎక్కడైనా సాపుగానే ఉంటుంది కదరా."

ముప్పై మూడేళ్లు కోనసీమ బళ్లలో సాంఘికశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. ఏ ఊరు వెళ్లినా ఆ ఊరి గురించి మనకంటే ముందే చదివేసుకుని కూర్చుంటుంది. నాకు మిగిలే పని సంచులు మోయడం.

కొలంబో ఫోర్ట్ స్టేషన్ నుంచి రైల్లో దాదాపు మూడు గంటలు. రంబుక్కన దాటాక రైలు కొండెక్కడం మొదలెడుతుంది, ఊరు చేరేసరికి 1,600 అడుగుల ఎత్తులో ఉంటాం. క్యాండీ అన్నది పరదేశులు నోరు తిరక్క కుదించుకున్న పేరు. ఊళ్లోవాళ్లు మహనువర అంటారు, ఇంకా ముద్దుగా నువర అనేసి ఊరుకుంటారు. మహానగరం అని అర్థం. చుట్టూ కొండలు, మధ్యలో గిన్నె అడుగులా చిన్న పల్లం. ఆ పల్లంలో గుడి, బజారు, చెరువు ఇరుక్కుని కూర్చున్నాయి. ఇళ్లన్నీ కొండల మీదికి పాకాయి. మేం దిగిన ఇల్లూ అంతే, రోడ్డు మీంచి పద్ధెనిమిది మెట్లు. పెద్దమ్మ లెక్కపెట్టి మరీ నావైపు చూసింది.

పొద్దున్న ఆరింటికల్లా దళదా మాలిగావ ముందున్నాం. పన్ను ఉన్న గుడి ఇదే. తెల్లటి గోడలు, ముందు నీళ్ల కందకం, పక్కన ఎనిమిది పలకల మండపం. 1998 జనవరిలో ఈ గుడి ముందు తమిళ పులుల దళం బాంబు పేల్చింది. అప్పట్నుంచి ఈ ముందు రోడ్డు మీదికి బళ్లని రానివ్వడం లేదు. అందుకే నడక మొదట్లో హాయిగా ఉంటుంది, తామరపూల బుట్టలు, తెల్లబట్టల్లో జనం, అంతే. కారణం తలుచుకుంటే మాత్రం ఆ హాయి కాస్త గుచ్చుకుంటుంది.

"ఎటునుంచి మొదలెడదాం?" అన్నాను.

"అదేం ప్రశ్నరా? చెరువు కుడిచేతి వైపు ఉండాలి. పొద్దున్నే అప్రదక్షిణం చేస్తామా?"

అలా ఉత్తరపు ఒడ్డున తూర్పుముఖంగా బయల్దేరాం. మొత్తం చుట్టు మూడు కిలోమీటర్ల పైచిలుకు. మామూలు మనుషులకి గంట చాలు. మాకు కూర్చున్నది కాక నడకకే రెండున్నర గంటలు పట్టింది. ఎక్కడా ఎక్కేది లేదు, దిగేది లేదు. పక్కా కాలిబాట, దారిపొడుగునా కూర్చోడానికి బెంచీలు, పైన నిద్రగన్నేరు చెట్ల గొడుగు. మోకాళ్ల నొప్పులవాళ్లకి ఇంతకంటే మంచి దారి నేనెక్కడా చూడలేదు. ఒక్కటే జాగ్రత్త: ఆ చెట్ల నిండా నీటికాకులు గూళ్లు కట్టుకుని ఉంటాయి. కింద కాలిబాట సున్నం వేసినట్టు తెల్లగా ఉన్నచోట నిలబడకూడదు. మేం ఆ సంగతి ఆలస్యంగా గ్రహించాం. పెద్దమ్మ గొడుగు ఎండ కోసం తెచ్చింది, ఇంకోదానికి పనికొచ్చింది.

గుడికి ఎదురుగా నీళ్లలోకి చొచ్చుకుని ఒక అందమైన కట్టడం ఉంది, ఉల్పెన్‌గె. రాణులు స్నానాలు చేసే ఇల్లు. తెల్లవాళ్లొచ్చాక దాని మీద ఇంకో అంతస్తు లేపి పుస్తకాలు పెట్టుకున్నారు. తర్వాత పోలీసుల చేతికొచ్చింది. అక్కణ్నుంచి చెరువు అంచున ఒక గోడ మొదలవుతుంది. పైభాగం అలల్లా, మేఘాల్లా వంకీలు తిరిగి, మధ్యమధ్య ముక్కోణపు గూళ్లతో ఉంటుంది. ఆ గూళ్లలో నూనెదీపాలు పెట్టేవారట. పండగ రాత్రి చెరువు అంచున ఆ దీపాలు వెలిగి, వాటి నీడ నీళ్లలో పడితే ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. ఈ గోడని సింహళంలో వలాకులు బెమ్మ అంటారు, మేఘాల గోడ. నేను ఆ పేరు చదవగానే పెద్దమ్మ ఆగిపోయింది.

"వలాకులు అంటే మన బలాహకమేనేమిటిరా? మేఘానికి సంస్కృతంలో అదీ ఒక పేరు."

ఆవిడ చిన్నప్పుడు వాళ్ల తాతగారు అమరకోశం వల్లె వేయించారు. డెబ్బై రెండో ఏట, పరాయి దేశపు చెరువుగట్టు మీద, అది ఇలా అక్కరకొచ్చింది. కాసేపు ఆ గోడని చెయ్యి పెట్టి తడిమింది.

నీళ్ల మీద ఇంకా పొగమంచుంది. గూడబాతులు రెండు పడవల్లా తేలుతున్నాయి. మెట్ల దగ్గర ఒక కుర్రాడు మరమరాలు విసురుతుంటే చేపలు మూకలుగా వచ్చి ఒకదాని మీదొకటి పడుతున్నాయి. ఇక్కడ చేపలు పట్టనివ్వరు, అందుకే వాటికంత ధైర్యం. కొంచెం ముందుకెళ్తే ఒడ్డు రాళ్ల మీద మూరెడు మూతి, దానికి తగ్గ తోక ఉన్న నీటి ఉడుమొకటి ఎండ కాచుకుంటోంది. ఎవరూ దాన్ని పట్టించుకోవడం లేదు. మన ఊళ్లో అయితే ఈపాటికి చుట్టూ పదిమంది కర్రలతో చేరేవారు.

తూర్పు కొసన బెంచీ మీద కూర్చున్నాక అసలు పాఠం మొదలైంది.

1807కి ముందు ఇక్కడ చెరువు లేదు. వరిపొలాలుండేవి. వాటికి అడ్డంగా కట్ట పోయించి ఈ చెరువు చేసినవాడు క్యాండీ చివరి రాజు శ్రీవిక్రమ రాజసింహుడు. గుడి, మండపం, ఈ గోడ, చెరువు అన్నీ కలిసి ఒకే చిత్రంలా కనిపించేలా గీసిన స్థపతి దేవేంద్ర మూలాచారి అంటారు. రాజు అసలు పేరు కన్నస్వామి. సింహళుడు కాడు. 1739లో క్యాండీ రాజు వారసుడు లేకుండా పోతే, మదురై నుంచి వచ్చిన పట్టపురాణి తమ్ముడు గద్దెనెక్కాడు. అప్పట్నుంచి నలుగురు రాజులు వరసగా ఆ నాయక్కర్ల వంశం వాళ్లే. విజయనగరం నీడలో దక్షిణానికి వెళ్లి మదురైలో స్థిరపడ్డ తెలుగు నాయకుల చుట్టరికం. తమిళులు వాళ్లని వడుగులన్నారు, అంటే ఉత్తరాది వాళ్లు, మన భాషలో తెలుగువాళ్లు.

"అయితే మనవాడు తవ్వించిన చెరువన్నమాట" అన్నాను ఛాతీ కొంచెం విరిచి.

పెద్దమ్మ నా ముఖం వంక చూసింది. బళ్లో తప్పు లెక్క చేసినవాడిని చూసే చూపు. "తవ్వించినవాడు మనవాడు సరే. తవ్వినవాళ్లో?"

ఇక్కడి భాషలో దానికొక మాట ఉంది, రాజకారియ. రాజుగారి పని. భూమి అనుభవించే ప్రతివాడూ ఏడాదిలో ఇన్నాళ్లని రాజుకి ఊరికే పని చెయ్యాలి. మన నైజాం ఊళ్లలో దొరగారి గడీ ముందు వెట్టి అంటే అర్థమయ్యేవాళ్లకి ఇంకేం విడమర్చి చెప్పక్కర్లేదు. కాలవలకీ గుళ్లకీ రాజకారియ చెయ్యడం జనానికి అలవాటే. అయితే పండే పొలాన్ని ముంచి, చూడ్డానికి బావుండే చెరువు కోసం ఏళ్ల తరబడి మట్టి మోయమంటే అలవాటైన నడుములు కూడా ఎదురుతిరిగాయి. అడ్డం చెప్పిన సర్దార్లని రాజు ఈ చెరువు అడుగునే కొరత వేయించాడని ఊళ్లో కథ చెప్పుకుంటారు. కథే. కానీ రెండు వందల ఏళ్లు ఆ కథ చావలేదంటే మట్టి మోసినవాళ్ల కడుపుమంట ఎంతటిదో తెలుస్తుంది.

సర్దార్ల మీద రాజు పగ మాత్రం కథ కాదు. 1814లో ఎహెలెపొల అనే ప్రధాని తెల్లవాళ్లతో చేతులు కలిపి పారిపోతే, ఇక్కడ చిక్కిన అతని పిల్లల తలలు తీయించి, భార్యని పక్కనే ఉన్న బోగంబర చెరువులో ముంచి చంపించాడు. ఆ చెరువు ఇప్పుడు లేదు, పూడ్చేశారు. ఆ హత్యల గురించి మనకి చేరిన వివరాల్లో చాలావరకు తెల్లవాళ్ల రాతల్లోంచి వచ్చినవే. వాళ్ల వేగుల వ్యవహారం చూసిన జాన్ డాయిలీ ఆ రోజుల్లో రాజు మీద ఎంత వ్యతిరేకత పోగుచేస్తే అంత లాభమని కూర్చున్న మనిషి. అది గుర్తుపెట్టుకుని చదవాలి. అంతమాత్రాన ఆ పిల్లలు బతికిరారు.

1815 ఫిబ్రవరిలో రాజు పట్టుబడ్డాడు. మార్చి 2న గుడి పక్కనున్న మగుల్ మడువలో, చెక్కిన చెక్కస్తంభాల కొలువుకూటంలో, సర్దార్లు దేశాన్ని తెల్లరాజుకి రాసిచ్చేశారు. ఆ ఒడంబడికలో మన నాయక్కర్లని ఏమన్నారో తెలుసా? మలబారు జాతి. ఇక ఈ జాతికి గద్దె మీద ఏ హక్కూ లేదని రాసుకున్నారు. పెద్దమ్మకి మిగతా దానికంటే దీనికే ఎక్కువ కోపం వచ్చింది. "మలబారేమిటిరా, మలబారు! కాస్త కనుక్కుని రాయలేకపోయారా?"

లేచి దక్షిణపు ఒడ్డు పట్టాం. ఈ వైపు నడక అంత బాగోదు. అప్పటికి ఎనిమిది దాటింది, స్కూలు బస్సులు, ఆటోలు నల్లటి పొగ వదులుతూ గట్టు పక్కనే దూసుకుపోతున్నాయి. సాయంత్రం నాట్యం టికెట్లు కొనమని ఒకడు, రత్నాల షాపు చూపిస్తానని ఒకడు వెంటపడ్డారు. రెండోవాడు మా మాటలు విని తమిళం ఎత్తుకున్నాడు. పెద్దమ్మ తెలుగులో ఏదో అంది, వాడు నవ్వి వెళ్లిపోయాడు. ఈ ఒడ్డున నడవాలంటే ఏడింటిలోపే ముగించాలి.

నీళ్ల మధ్య ఒక చిన్న దీవి, చుట్టూ పిట్టగోడ, లోపల తాడిచెట్ల వంటివేవో. రాజుగారి అంతఃపుర స్త్రీలు అక్కడ జలక్రీడలాడేవారని, గుడి నుంచి సొరంగం ఉండేదని చెప్తారు. సొరంగం కథ ఏ కోటకి లేదు కనక! తెల్లవాళ్లు మాత్రం ఆ దీవిలో మందుగుండు దాచారు.

ఈ ఒడ్డునే మల్వత్త విహారం ఉంది. గేటు దగ్గర చెప్పులు విప్పి ఒక చెట్టు కింద కూర్చున్నాం. లోపల పడుచు భిక్షువులు చీపుర్లతో ఆకులూడుస్తున్నారు. నాకు క్యాండీలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇది, నచ్చడానికి కారణమూ నాయక్కర్లే. ఆ వంశంలో రెండోవాడు కీర్తిశ్రీ రాజసింహుడు. పుట్టుక శైవం. ఆయన గద్దెనెక్కేనాటికి లంకలో పూర్తి దీక్ష ఇవ్వగల భిక్షువులే లేకుండా పోయారు. ఆయన డచ్చివారి ఓడ మీద సయాం దేశానికి రాయబారం పంపి, ఉపాలి అనే స్థవిరుణ్ని, ఆయన వెంట భిక్షువుల్ని రప్పించాడు. 1753లో దీక్షలు మళ్లీ మొదలయ్యాయి. ఈ రోజు లంకలో సయాం నికాయ భిక్షువుల పరంపరంతా అక్కణ్నుంచే. ఏనుగు మీద పేటికతో ఎసల పెరహెర ఊరేగింపు ఇప్పుడున్న రూపానికి వచ్చిందీ ఆయన కాలంలోనే. బయటివాళ్లని తెచ్చి కూర్చోబెడితే ఆ బయటివాళ్లే ఊరివాళ్ల మతాన్ని నిలబెట్టారు. నలుగురిలో ఇద్దరి గురించి చెప్పి మిగతా ఇద్దరినీ వదిలేస్తున్నాను. పెద్దమ్మ అయితే వదలదు.

విహారం దాటాక ఒక చిన్న హోటల్లో మధ్యాహ్నపు వంట అప్పుడే దింపుతున్నారు. అన్నం, పరిప్పు, కొబ్బరి సంబోలు, ఇంకో కూర. దాన్ని పొలోస్ అన్నారు. లేత పనసకాయ ముక్కలు, కొబ్బరిపాలు, మిరియం, దాల్చినచెక్క. కోనసీమ మనిషికి పనసపొట్టు కూర ఎదురుగా పెడితే ఇంకేం కావాలి? "ఆవ పెట్టలేదు గానీ" అంటూనే రెండోసారి వేయించుకుంది. తాగడానికి వెలగపండు గుజ్జు, బెల్లం కలిపి ఇచ్చారు. మన దగ్గర వినాయక చవితి పత్రితో పాటు కనిపించి మాయమైపోయే పండు ఇక్కడ గ్లాసులో రోజూ దొరుకుతుంది.

చివరి ముక్క, పడమటి కట్ట. నడక మొత్తంలో మనం నిజంగా ఆ జనం మోసిన మట్టి మీద అడుగులేసేది ఇక్కడే. పైన తారురోడ్డు, కింద కట్ట. గుడి నుంచి విహారానికి రాజు ఈ కట్ట మీంచే దాటేవాడట. కట్ట దిగువ మన చెరువులకైతే తూము, తూము కింద ఆయకట్టు ఉంటాయి. పెద్దమ్మ రెండో వైపుకి వంగి చూసింది. బస్సులు, బట్టల కొట్లు.

మేఘాల గోడ కూడా చెరువంతా చుట్టిరాదు. రాజు దొరికిపోయేసరికి పని ఎక్కడిదక్కడ ఆగిపోయింది, మళ్లీ ఎవరూ ఎత్తుకోలేదు. రాజకారియ మాత్రం తెల్లవాళ్లొచ్చాక కూడా నడిచింది. రోడ్లు వేయించుకున్నారు దాంతో. 1832లో గానీ రద్దు చెయ్యలేదు. సరిగ్గా ఆ ఏడాది జనవరిలోనే శ్రీవిక్రమ రాజసింహుడు ఖైదులో పోయాడు.

"ఎక్కడ పెట్టారు ఖైదు?" అంది పెద్దమ్మ. ఆవిడ చదివిన పుస్తకంలో అది లేనట్టుంది.

"వేలూరు. 1816లో పంపించారు. పదహారేళ్లు అక్కడి కోటలోనే. సమాధి కూడా పాలారు ఒడ్డున ఉంది."

పెద్దమ్మ బెంచీ మీద మోకాళ్లు చాపి బామ్ రాసుకుంటోంది. చెయ్యి ఆగిపోయింది. మా పెదనాన్న గుండె ఆపరేషనుకి ఆవిడ నెల రోజులు వేలూరులో ఉంది. రోజూ సాయంత్రం ఆసుపత్రి నుంచి కోట దాకా నడిచి, అక్కడ కూర్చుని, మళ్లీ తిరిగి వెళ్లేది.

"ఆ కోట చుట్టూ అగడ్త రా" అంది కాసేపటికి. "ఎటు చూసినా నీళ్లే. నేను చూశాను."