ముద్ద పెట్టడమే చాలదు

శుక్రవారం ఉదయం ఫజ్ర్ నమాజు ముగించుకుని మేము కోళ్ళ దుకాణానికి వెళ్తే, కొట్టే కుర్రవాడు మమ్మల్ని చూసి నవ్వుతాడు. "మౌలానా గారికి తొడ మాంసం, కందనకాయలు, గుండెకాయలు. కార్జం మాత్రం రెండే రెండు ముక్కలు, అంతేనా?" అంటాడు. అవి మా ఇంటి పిల్లికని అతనికి తెలుసు. కార్జం చవకగా దొరుకుతుంటే రెండు ముక్కలతో ఎందుకు సరిపెట్టుకుంటున్నామో అతనికి చాలాకాలం బోధపడలేదు. ఆ కొలత మేము ఏ గ్రంథంలోనూ నేర్చుకోలేదు. మా చేతుల మీదుగా ఒక మూగజీవికి జరిగిన నష్టం వల్ల నేర్చుకున్నాము. ఈ పత్రిక చదివే ఇళ్ళలో పిల్లులను సాకే కుటుంబాలు చాలా ఉంటాయి గనుక, సిగ్గు విడిచి ఆ సంగతి రాస్తున్నాము.

2022 వర్షాకాలంలో ఏలూరులోని మా మదరసా మెట్ల కింద ఒక పిల్లికూన తడిసి వణుకుతూ కనిపించింది. హిఫ్జ్ తరగతి పిల్లలు దాన్ని తువ్వాలులో చుట్టి మా చేతిలో పెట్టారు. ఇంటికి తీసుకువెళ్తే మా చిన్నమ్మాయి దాని నల్లటి మెత్తని ఒళ్ళు నిమిరి 'మఖ్మల్' అని పేరు పెట్టింది. తరువాతి ఏడాది అమ్మాయికి నికాహ్ జరిగి తాడేపల్లిగూడెం వెళ్ళిపోయింది. కూతురు వెళ్ళిన ఇంట్లో ఆ పిల్లే మాకు సందడి.

మఖ్మల్‌కు కార్జమంటే ప్రాణం. పచ్చి కార్జం సంచి ఇంట్లోకి రాగానే మా కాళ్ళకు చుట్టుకునేది. మాంసం ముక్క వేస్తే వాసన చూసి వెళ్ళిపోయేది. "దానికి ఇష్టమైనదే పెడదామండీ, మూగజీవి ఉసురు మనకెందుకు?" అన్నది మా ఇంటావిడ. దాదాపు ఏడాదిన్నర పాటు రోజూ కార్జమే పెట్టాము. మేము ఒక సత్కార్యం చేస్తున్నామనే నమ్మాము.

2024 ఆరంభంలో మఖ్మల్ తన వీపును నాకి శుభ్రం చేసుకోవడం మానేసింది. బొచ్చు ఉండలు కట్టింది. కుర్చీ మీదికి దూకలేకపోయింది. పిలిస్తే తల తిప్పదు, ఒళ్ళంతా తిప్పుతుంది. మెడ మీద చేయి వేస్తే బాధతో అరిచింది. పశువైద్యుని వద్దకు తీసుకువెళ్ళాము. ఆయన ఎక్స్‌రే తీయించి చూసి, "రోజూ ఏం పెడుతున్నారు?" అని అడిగారు. చెప్పాము. ఆయన కాసేపు మౌనంగా ఉండి, "మౌలానా గారూ, దీనికి మీరు తక్కువ చేసి కాదు, ఎక్కువ చేసి హాని చేశారు" అన్నారు.

కార్జంలో విటమిన్ ఎ మెండుగా నిల్వ ఉంటుంది. మన శరీరం క్యారెట్టు వంటి కూరగాయల నుండి ఆ విటమిన్‌ను తయారు చేసుకోగలదు, పిల్లి శరీరానికి ఆ శక్తి లేదు. కాబట్టి మాంసంతో పెంచే పిల్లికి కాస్త కార్జం అవసరమే. కానీ నెలల తరబడి అదే ఆహారమైతే ఆ విటమిన్ ఒంట్లో పేరుకుపోయి, మెడ ఎముకల మీద కొత్త ఎముక పెరిగి, కీళ్ళు ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. "తిండి మారిస్తే నొప్పి తగ్గుతుంది. అతుక్కున్న ఎముక మాత్రం విడిపోదు" అన్నారు వైద్యులు.

ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. పిల్లిని బంధించి ఆకలితో చంపినందుకు నరకానికి పోయిన స్త్రీని గురించి దైవప్రవక్త (స) తెలిపిన హదీసును మేము ఎన్నో ఏళ్ళుగా పాఠం చెబుతున్నాము. బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉన్న హదీసు అది. ఒకసారి ఒక విద్యార్థి లేచి, "ఉస్తాద్, ఆమె దానికి ఒక ముద్ద పెట్టి ఉంటే సరిపోయేదా?" అని అడిగాడు. "సరిపోయేది, కూర్చో" అన్నాము. ఇప్పుడు ఆ జవాబు మమ్మల్నే నిలదీసింది. మేము ముద్ద పెట్టాము. పెట్టీ దాని మెడను బిగించాము.

మర్నాడు ఆ హదీసును మళ్ళీ తెరిచి చదివాము. ఆ స్త్రీ తాను తినిపించలేదన్నది ఒక్కటే కాదు, నేల మీది చిన్న ప్రాణులను అదే తినేందుకు వదలనూ లేదన్నది రెండో మాట. ఇన్నేళ్ళూ ఈ రెండో మాట మీద మేము ఆగి ఆలోచించనే లేదు. సృష్టికర్త పిల్లికి నియమించిన ఉపాధి ఏమిటో ఆ మాటలో ఉంది. ఒక ఎలుకను తిన్న పిల్లికి కండ, గుండె, ఎముక, కార్జం అన్నీ అందుతాయి. కార్జం ఎలుకంత కాదు, ఎలుకలో ఉన్నంతే. ఆ తూకం అల్లాహ్ ఏర్పరచినది. పిల్లిని నాలుగు గోడల మధ్య ఉంచి దాని వేటను మేము ఆపాము. కాబట్టి ఆ తూకాన్ని మా చేతులతో నిలిపే బాధ్యత కూడా మాదే.

వైద్యుల సలహాతో మేము అలవరచుకున్న పద్ధతి ఇది. ఒక కిలో పచ్చి మాంసం సిద్ధం చేస్తే అందులో 850 గ్రాములు ఎముక లేని తొడ మాంసం, కందనకాయలు. 100 గ్రాములు గుండెకాయలు. కార్జం 50 గ్రాములు మాత్రమే. గుండెకాయలో టారిన్ అనే పదార్థం పుష్కలంగా ఉంటుంది. అది కరువైతే పిల్లి చూపు దెబ్బతింటుందనీ, గుండె కండరం బలహీనపడి సాగిపోతుందనీ పశువైద్య శాస్త్రం చెబుతోంది. ఆ గుండె జబ్బుకూ టారిన్ లోపానికీ గల సంబంధాన్ని అమెరికా పరిశోధకులు 1987లో వెల్లడించారు. ఉత్త మాంసంలో సున్నం తక్కువ. అందుకని కోడిగుడ్ల పెంకులను కడిగి, మరిగించి, ఎండబెట్టి, మెత్తగా దంచి కిలోకు ఒక చిన్న చెంచా పొడి కలుపుతాము. కూన పిల్లులకూ జబ్బు పిల్లులకూ ఈ లెక్కలు మారతాయి. వైద్యుని అడగకుండా మా కొలతలను ఎవరూ అనుసరించవద్దు.

కార్జానికి అంటి ఉన్న చేదుకట్టును పగలకుండా కోసి పారేస్తాము. ముక్కలు చిన్నవిగా తరిగి, రోజుకు 120 గ్రాముల చొప్పున పొట్లాలు కట్టి ఫ్రీజరులో ఉంచుతాము. ఆ కత్తీ పలకా వేరు, ఇంటి వంటకు వాడము. కూరలో మిగిలినది మాత్రం ఎన్నడూ వేయము. ఉల్లిపాయ, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను పగలగొట్టే విషాలు. తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు దగ్గరగా ఉన్న మన ప్రాంతంలో ఉల్లి లేని కూర ఉండదు గనుక ఇది మరీ గుర్తుంచుకోవలసిన మాట. ఉడికిన కోడి ఎముకలు కూడా ప్రమాదమే, అవి సూదుల్లా చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

కైకలూరులో ఉండే మా ఆపా వచ్చినప్పుడల్లా కొల్లేరు వైపు చెరువుల చేపలు తెస్తుంది. "మా వైపు పిల్లులు చేపల మీదే బతుకుతాయి, దీనికీ పడేయరా తమ్ముడూ" అంటుంది. కొన్ని కార్పు జాతి చేపలలో విటమిన్ బి1ను నాశనం చేసే గుణం ఉందనీ, రోజూ పచ్చివే తింటే పిల్లికి తూలు, వణుకు, మూర్ఛ రావచ్చనీ వైద్యులు చెప్పారు. ఉడికిస్తే ఆ గుణం పోతుంది. అందుకే చేపను ఉడికించి, ముల్లు తీసి, ఎప్పుడో ఒకసారి మాత్రమే పెడతాము.

ఇలా ఒక ఏడాది గడిచింది. మఖ్మల్ బొచ్చు మళ్ళీ నిగనిగలాడింది, నొప్పి తగ్గింది. మెడ మాత్రం కాస్త వంగే ఉండిపోయింది.

2025 ఫిబ్రవరిలో మా అమ్మాయి తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. అవే రోజుల్లో ఏలూరు, తాడేపల్లిగూడెం మధ్యనున్న ఉంగుటూరు మండలం బాదంపూడిలో కోళ్ళకు బర్డ్ ఫ్లూ సోకినట్లు నిర్ధారణ అయింది. అమ్మాయి వచ్చిన దారిలోని ఊరే అది. తణుకు మండలం వేల్పూరులోనూ అదే వార్త. మధ్యప్రదేశ్‌లోని ఛింద్వారాలో పెంపుడు పిల్లులకు సైతం ఆ వ్యాధి సోకిందని పత్రికల్లో చదివాము. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ళ పసిపాప ఆ వైరస్‌తోనే మరణించింది. ఇంట్లో పచ్చి కోడిమాంసం ముక్క ఒకటి ఆ పాప నోట పెట్టుకున్నదని వార్తలు వచ్చాయి. ఆ పాప తల్లిదండ్రులకు అల్లాహ్ సహనం ప్రసాదించుగాక.

ఆపా పరుగున వచ్చింది. "కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉంటే పిల్లి ఏమిటి తమ్ముడూ? సంచిలో వేసి ఇయ్యి, కొల్లేరు గట్టున చేపల చెరువుల దగ్గర వదిలేస్తాను. అక్కడ తిండికేం లోటు?" అన్నది. ఆమె భయం అకారణం కాదు. పచ్చి మాంసం, ఎలుకలు తిన్న పిల్లికి టాక్సోప్లాస్మా అనే సూక్ష్మజీవి సోకవచ్చు, దాని మలం ద్వారా గర్భిణికీ, ఆమె కడుపులోని శిశువుకూ హాని జరగవచ్చు. ఒకవైపు మా రక్తం పంచుకున్న బిడ్డ. మరోవైపు మా వల్ల మెడ తిరగని ప్రాణి. కొల్లేరు గట్టున కుక్కలు వెంటపడితే అది పరుగెత్తనూ లేదు, చెట్టు ఎక్కనూ లేదు. మేము సంచి తెచ్చి మడతమంచం మీద పెట్టిన మాట వాస్తవం. దాచము.

అమ్మాయి ఆ సంచిని చూసింది. "అబ్బాజాన్, నా కోసమని దీన్ని వదిలేస్తే నా కాన్పు కోసం ఏ ముఖంతో దుఆ చేస్తారు? పోనీ, డాక్టరమ్మను ఒక మాట అడిగి చూద్దాం" అన్నది.

అడిగాము. కాన్పులు చేసే వైద్యురాలూ పశువైద్యుడూ ఒకే మాట చెప్పారు. పిల్లిని పంపనక్కరలేదు, పచ్చి మాంసాన్ని పంపండి అన్నారు. టాక్సోప్లాస్మా మలంలో బయటపడిన వెంటనే అంటదు, అందుకు ఒక రోజు నుండి ఐదు రోజులు పడుతుంది. కాబట్టి మట్టి తొట్టిని రోజూ శుభ్రం చేయాలి, గర్భిణి దాని జోలికి పోరాదు. గడ్డకట్టిస్తే కొన్ని క్రిములు చస్తాయి గాని బర్డ్ ఫ్లూ వైరస్ గాని, సాల్మొనెల్లా గాని చావవు. వాటికి మందు నిప్పే. లోపలిదాకా బాగా ఉడికించాలి. టారిన్ నీటిలోకి దిగిపోతుంది గనుక ఉడికిన నీటిని పారబోయక ముక్కలతోనే పెట్టాలి. ఆ నెలల్లో కొన్నాళ్ళు కోడి మానేసి చేపే ఉడికించాము. తొట్టి పని మేము తీసుకున్నాము. మాంసం తాకిన ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోవడం ఇంట్లో అందరికీ నియమమైంది.

ఇంకొక మాట కూడా చెప్పాలి. దారిలో చనిపోయిన కోళ్ళను 'పిల్లులకు పనికొస్తాయి' అని ఉచితంగా ఇచ్చేవారుంటారు. చచ్చిన జంతువును పిల్లి వద్దకు మనం మోసుకుపోరాదని, పిల్లే దాని వద్దకు పోతే అది వేరు సంగతని హనఫీ ధర్మవేత్తలు రాశారు. చదువుకునే రోజుల్లో ఆ తేడా మాకు చిన్న విషయంగా తోచింది. చనిపోయిన కోడి ఏ వ్యాధితో చనిపోయిందో తెలియని ఆ ఫిబ్రవరిలో, దాన్ని చేత్తో పట్టి ఇంట్లోకి తేకపోవడంలో ఎంత మేలున్నదో అర్థమైంది.

అల్హమ్దులిల్లాహ్, ఏప్రిల్‌లో మనవరాలు క్షేమంగా పుట్టింది. తల్లీబిడ్డలున్న గది గుమ్మం దగ్గర మఖ్మల్ వంగిన మెడతో కూర్చుని లోపలికి చూస్తుంది. ఆపా ఇప్పుడు కొల్లేరు నుండి చేపలు తెస్తే, "దీనికి ఉడకేసి పెట్టండి" అని తానే చెబుతోంది. ఇంట్లో పసిబిడ్డ ఉన్నంతకాలం మా పిల్లికి ఉడికించిన ఆహారమే.

తడి కార్జం గల ప్రతి ప్రాణి పట్లా చేసే మేలుకు పుణ్యం ఉందని, దప్పిగొన్న కుక్కకు నీళ్ళు తాగించిన వ్యక్తి ఉదంతంలో దైవప్రవక్త (స) తెలిపారు. ఆ కుక్కకు కావలసింది నీరే, ఆ మనిషి దానికి నీరే ఇచ్చాడు. ఎదుటి ప్రాణికి ఏది, ఎంత కావాలో తెలుసుకోవడం కూడా కారుణ్యంలో భాగమేనని ఈ వయసులో నేర్చుకున్నాము.

ఈ ఏడాది ఆ హదీసు పాఠం వచ్చినప్పుడు ఏ విద్యార్థీ ప్రశ్న అడగలేదు. మేమే పాత ప్రశ్నను గుర్తుచేసి, పాత జవాబును వెనక్కి తీసుకున్నాము. "ముద్ద పెట్టి ఉంటే సరిపోయేదని ఒకప్పుడు చెప్పాను. ఆ ముద్ద దానికి తగినదై ఉండాలి" అన్నాము. వెనుక వరుసలోని ఒక పిల్లవాడు లేచి, "మా ఇంట్లో పిల్లికి రోజూ కార్జమే పెడతాం ఉస్తాద్" అన్నాడు. తరగతి అయ్యాక వాడిని ఆపి, 850, 100, 50 అని ఒక కాగితం మీద రాసి ఇచ్చాము. "ముందు డాక్టరు గారికి చూపించు" అని కింద మరో వరుస చేర్చాము.