మొదటి మెట్టు, పై మెట్టు

డిగ్రీ ముగియవచ్చే వేళ విద్యార్థులు మమ్ము తరచుగా అడిగే ప్రశ్న ఒకటున్నది: కంప్యూటర్ రంగమున మొదటి సర్టిఫికెట్ చాలునా, నేరుగా పెద్దదానికే పోవలెనా? 2020లో కరీంనగర్‌లో ఐ.టి. టవర్ ప్రారంభమైనది. ఆదిలాబాద్ పల్లెల పిల్లలకు సైతం అట్టి కొలువులపై ఆశ కలుగుట సహజమే.

వెనుకటి తరమువారు టైపురైటింగ్ పరీక్షలు వ్రాసేవారు. లోయర్‌కు నిమిషానికి 30 మాటలు, హయ్యర్‌కు 45. ఆ రెంటి నడుమ నున్న దూరము చేతి అభ్యాసమే.

సిస్కో సంస్థ నెట్‌వర్కింగ్ పరీక్షలనే చూడుడు. సి.సి.ఎన్.ఎ. మొదటి మెట్టు. అది ఇంటర్వ్యూ గది తలుపు తెరువగలదు. అయితే అది గలవారు అనేకులు గనుక దానితోనే ఆగిపోరాదు. సి.సి.ఐ.ఇ. శిఖరము వంటిది, అందులో ఎనిమిది గంటల ప్రయోగ పరీక్ష కలదు. దానికి ముందు వేరొక సర్టిఫికెట్ ఉండవలెనన్న నిబంధన లేదు. అయినను ఐదు నుండి ఏడేండ్ల అనుభవము మేలని ఆ సంస్థయే సూచించుచున్నది. ఈ రెండును మూడేండ్లే చెల్లును, పిమ్మట పునరుద్ధరించుకొనవలెను.

కావున, విద్యార్థులారా, తల్లి నగలు కుదువబెట్టి ఒక్క దుముకున శిఖరమెక్క జూడవలదు. పనిచేయని చేతికి పెద్ద సర్టిఫికెట్ బరువే. మొదటి పరీక్ష నెగ్గి, చిన్న జీతమైనను కొలువులో చేరుడు. పై పరీక్ష రుసుము ఇంటి అప్పు నుండి గాక, ఆ జీతము నుండి రావలెనని మా అభిప్రాయము.