మంద వెంట కుక్క, కుక్క వెంట పురుగు

నెల్లూరు జిల్లా సంగం వచ్చినవాళ్ళు సంగమేశ్వరుణ్ణి చూస్తారు, పెన్న మీద 2022 సెప్టెంబరులో ప్రారంభమైన బ్యారేజీ మీద ఫోటో దిగుతారు, ఆత్మకూరు బస్సెక్కుతారు. నేను పశువుల ఆసుపత్రికి వెళ్ళాను. కుక్కల పురుగుల మీద రాయాలంటే నెల్లూరులో లాబ్రడార్లు వచ్చే క్లినిక్కులున్నాయి కదా, సంగం దాకా ఎందుకని ఒక మిత్రుడు అడిగాడు. నెల్లూరు కుక్క వెనక ఒక ఇల్లు ఉంటుంది. ఇక్కడి కుక్క వెనక గొర్రెల మంద ఉంటుంది. అందుకే వెళ్ళాను.

కోతలై మళ్ళు ఖాళీపడ్డ వేసవి. పొద్దున వరుసంతా బర్రెలది, మేకలది. చూలు కట్టిందో లేదో చూడమనేవాళ్ళు, పొదుగువాపు అంటూ వచ్చినవాళ్ళు. కుక్కల వంతు చివర. ఈ జిల్లా పేరును బ్రెజిల్ దాకా మోసుకెళ్ళింది మన పశువులే, అక్కడి మందల్ని ఇవాళ్టికీ నెలోరే అనే పిలుస్తారు. ఊరకుక్కకు అంత యోగం లేదు. మెడలో నులకతాడుతో వేపచెట్టు కింద కూచుని ఉంది.

"పిడుదులు సార్, ఒక సూదేసి పంపించండి" అన్నాడు దాన్ని తెచ్చిన కుర్రాడు. డాక్టరు గారు సూది జోలికి పోలేదు. చెవి మడత తిప్పి చూశారు, వేళ్ళ సందులు విడదీశారు, తోక కింద వెతికారు. పట్టకారుతో పిడుదును చర్మానికి ఆనించి పట్టుకుని, మెలితిప్పకుండా తిన్నగా లాగి స్పిరిట్ సీసాలో వేశారు. గోటితో చిదిమితే దాని లోపలి క్రిములు మన చేతికి అంటవచ్చు. తరవాత అడిగిన ప్రశ్న కుక్క గురించి కాదు.

"రాత్రిపూట యాడ పడుకుంటాది?"

"పాత కొట్టంలో సార్. మట్టిగోడ."

సగం రోగం ఆ గోడలోనే ఉంది. కుక్క ఒంటి మీద కనిపించే గోధుమరంగు పిడుదు తన బతుకులో ఎక్కువ కాలం కుక్క మీద ఉండదు. పిల్లగా ఒకసారి, నడివయసులో ఒకసారి, పెద్దదయ్యాక ఒకసారి ఎక్కి రక్తం తాగుతుంది. ప్రతిసారీ రాలిపోయి గోడ నెర్రెల్లో దాక్కుంటుంది. కడుపునిండిన ఆడపిడుదు అక్కడే వేలల్లో గుడ్లు పెట్టి చస్తుంది. పుట్టిన పిల్లలు తిండి లేకపోయినా నెలల తరబడి ఓపిక పడతాయి. కాబట్టి కుక్కకు మందు పూసినరోజే కొట్టానికీ కొట్టాలి, నెర్రెలు మెత్తాలి, రెండు మూడు వారాలకు మళ్ళీ కొట్టాలి. కుర్రాడికి డెల్టామెత్రిన్ చీటీ రాసి, ఎన్ని నీళ్ళలో ఎంత కలపాలో రెండుసార్లు చెప్పించుకున్నారు. ఒళ్ళు ఆరేదాకా కుక్క నాక్కోకూడదు. ఇంట్లో పిల్లి ఉంటే దూరంగా పెట్టాలి, ఈ జాతి మందులకు పిల్లి తట్టుకోదు.

డాక్టరు గారికి కోపం వచ్చే సంగతి ఒకటుంది. పొలానికి తెచ్చిన పురుగుమందు డబ్బాలో మిగిలిందాన్ని కుక్క ఒంటికి పూసేవాళ్ళున్నారు. పిడుదులు చస్తాయి, నిజమే. కాసేపటికి కుక్క నోట చొంగ కారుతుంది, కండరాలు అదురుతాయి, అప్పుడు ఎట్రోపిన్ సూదితో పరుగెత్తాలి. కిరసనాయిలు పూస్తే కుక్క చావకపోయినా తోలు బొబ్బలెక్కుతుంది.

కుర్రాడి కుక్క చిగుళ్ళు పాలిపోయి ఉన్నాయి, జ్వరం ఉంది. చెవి అంచున సూదితో గుచ్చి ఒక రక్తపుచుక్క గాజుపలక మీద పరిచారు. రంగు వేసి మైక్రోస్కోపు కింద పెడితే ఎర్రకణాల్లో బెబీసియా, తెల్లకణాల్లో ఎర్లికియా కనిపించవచ్చు. రెండూ పిడుదు కాటుతో వస్తాయి. ఎర్లికియా ముదిరితే ముక్కు వెంట రక్తం వస్తుంది. దానికి డాక్సీసైక్లిన్, నాలుగు వారాలు. నాలుగో రోజుకే కుక్క తోకాడిస్తుంది, ఇక చాలనుకుని మాత్రలు మానేస్తారు. అలా మధ్యలో మానిన కుక్కలే తిరిగి వస్తాయట.

ఆ మాత్ర చూసినప్పుడు నాకు యల్లాప్రగడ సుబ్బారావు గారు గుర్తొచ్చారు. భీమవరంలో పుట్టిన ఆయన అమెరికాలో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధనలు నడిపించిన కాలంలోనే, 1948లో, టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ లోకానికి తెలిసింది. డాక్సీసైక్లిన్ ఆ ఇంటిదే. బోదకాలుకు ఆయన బృందం తెచ్చిన హెట్రజాన్‌ను పాశ్చాత్య దేశాల్లో కుక్క గుండెలో పెరిగే పురుగు రాకుండా దశాబ్దాలపాటు రోజూ ఇచ్చారు. 1980ల్లో నెలకొక ఐవర్‌మెక్టిన్ మాత్ర వచ్చాక దాని అవసరం తగ్గిపోయింది.

కుక్కపిల్లల వంతు తొందరగానే అయింది. పొట్ట ఉబ్బిన పిల్లను చూసి బాగా బలిసిందని మురిసిపోతారు గానీ ఆ పొట్టలో ఉన్నవి ఏలికపాములు. తల్లి కడుపులో ఉండగానే పిల్లకు ఎక్కుతాయి. కొంకిపురుగులు పాలతో దిగుతాయి. అందుకని పుట్టిన రెండు వారాలకే మొదటి మందు, రెండు నెలలు నిండేదాకా పదిహేను రోజులకోసారి, ఆరు నెలలదాకా నెలకోసారి, ఆ తరవాత మూడు నెలలకోసారి. తల్లికీ వేయాలి. పెన్న ఇసుకలో ఉత్తకాళ్ళతో ఆడే పిల్లల పాదాల మీద గీతలు గీసినట్టు దురద పొక్కులు లేస్తే అది కుక్క కొంకిపురుగు పిల్ల దారితప్పి తోలులో తిరగడమే.

ఎండ ఎక్కాక ఒక కాపరి వచ్చాడు. ఉదయగిరి వైపు మెట్టనుంచి మంద తోలుకొచ్చి, కోసిన మళ్ళలో ఎరువు కోసం రాత్రిళ్ళు మంద కడుతున్నాడు. రెండు గొర్రెలు తల ఒకవైపు వాల్చి గిరగిరా తిరుగుతున్నాయని మందుకొచ్చాడు. వెంట వచ్చిన కుక్క నిగనిగలాడుతూ ఉంది. డాక్టరు గారు గొర్రెల మాట కాసేపు పక్కనపెట్టి, "కుక్కకు పురుగుమందు ఏశావా పెద్దాయనా?" అన్నారు.

"ఏశా సామీ. గొర్రెలకేసే ఐవర్‌మెక్టినే దీనికీ ఓ రవ్వ పొడిచినా."

"చచ్చిన గొర్రె తలకాయ ఏం చేస్తారు?"

"కుక్కలకేస్తాం. ఇంకేం చేస్తాం?"

గొర్రె మెదడులో నీటితిత్తి పెరిగితే అది అలా తిరుగుతుంది. ఆ తల తిన్న కుక్క పేగులో తిత్తిలోని పురుగు తలలు బద్దెపురుగులై పెరుగుతాయి. వాటి గుడ్లు పెంటతో గడ్డి మీద పడతాయి, ఆ గడ్డి మళ్ళీ గొర్రే మేస్తుంది. దీనికి తమ్ముడు ఇంకొకటుంది, ఎకినోకాకస్. సెంటీమీటరు పొడవు కూడా ఉండదు, ఒక్కో కుక్కలో వేలల్లో ఉన్నా కుక్కకు ఏ బాధా తెలియదు. గొర్రె కాలేయం, ఊపిరితిత్తుల్లోని నీటిసంచులు తిన్న కుక్కకు అది పడుతుంది. గుడ్లు కుక్క బొచ్చుకు అంటి, మన చేతికి అంటి, నోట్లోకి పోతే మన కాలేయంలోనూ అవే సంచులు. ఏళ్ళపాటు పెరిగి ఆపరేషన్ దాకా తెస్తాయి. కాపరి నమ్మకంగా పొడిచిన ఐవర్‌మెక్టిన్ బద్దెపురుగును ఏమీ చేయదు. అదీగాక కోలీ వంటి కొన్ని జాతుల కుక్కలకు ఆ మందు ఎక్కువైతే ప్రాణాల మీదికొస్తుంది.

దీనికి కావలసింది ప్రాజిక్వాంటెల్, పది కిలోల బరువుకు 50 మిల్లీగ్రాములు. మంద కుక్కకు ఆరు వారాలకోసారి వేయాలి, ఎందుకంటే కొత్తగా మింగిన ఎకినోకాకస్ గుడ్లు పెట్టడానికి సుమారు అంత కాలం పడుతుంది. మాత్ర వేసిన రెండు మూడు రోజులు కుక్కను కట్టేసి, పెంట పూడ్చాలి. పచ్చి తలలు, కాలేజాలు కుక్కకు అందకుండా లోతు గుంటలో సున్నం చల్లి కప్పాలి, లేదా బాగా ఉడకబెట్టి వేయాలి. ఐస్‌లాండ్‌లో 19వ శతాబ్దంలోనే ఈ పని మొదలుపెట్టారు. న్యూజిలాండ్ కుక్కలకు మందు, కళేబరాల మీద నిఘా రెండూ పట్టుగా నడిపి 2002కు ఆ పీడ వదిలించుకుంది. అక్కడ ప్రతి కుక్కకూ యజమాని ఉన్నాడు. మన బస్టాండు కుక్కకు మాత్ర ఎవరు వేస్తారు? ఇక్కడ గుంట తవ్వడమే అసలు మందని నాకనిపించింది.

"ఆరు వారాలంటే నేను లెక్క పెట్టలేను సామీ."

"ఈ అమావాస్యకు ఒకటెయ్. వచ్చే అమావాస్య పోనిచ్చి, ఆ తర్వాత పున్నమికి ఇంకోటి."

అది కాపరికి తేలిగ్గా అర్థమైంది. తిరిగే గొర్రెలకు మాత్రం పెద్ద ఆశలేదు, పుర్రె మెత్తబడినచోట కోసి తిత్తి తీసే ఆపరేషన్ ఉంది గానీ అన్నిసార్లూ ఫలించదు. అవి చస్తే తలలు పూడ్చమన్నారు. వానలు పడితే మంద ఉదయగిరి చేరుతుంది, అక్కడి ఆసుపత్రిలో అడగడానికి మాత్ర పేరు తెలుగులో రాసిచ్చారు, దారిలో అవసరమైతే పశువైద్య సహాయ నంబరు 1962కు ఫోన్ చేయమన్నారు. మాత్ర సంకటిముద్దలో పెడితే కుక్క ఉమ్మేయకుండా తింటుందా అని అడిగాడు కాపరి. తింటుంది, మింగిందాకా పక్కనే నిలబడమన్నారు. మందలో ఇంకా రెండు కుక్కలున్నాయని అప్పుడు చెప్పాడు. వాటి బరువు చేతితో ఎత్తి ఉజ్జాయింపుగా చెప్పమని, ఇంకో నాలుగు మాత్రలు కాగితంలో చుట్టి ఇచ్చారు.