జబల్పూరులో నాన్నగారి కర్ర

స్నూకర్ పుట్టినిల్లు జబల్పూరని ప్రతీతి. 1875 వానకాలంలో ఇక్కడి సైనికుల భోజనశాలలో నెవిల్ చాంబర్లేన్ అనే యువ అధికారి బిలియర్డ్స్ బల్లపై రంగు బంతులు చేర్చాడట. 1882లో ఉదకమండలం క్లబ్బులో నియమాలు గోడకెక్కాయి. నేను మాత్రం అక్కడికి చరిత్ర కోసం వెళ్లలేదు. నాన్నగారి యాష్ కర్రను వెంట తీసుకొని వెళ్లాను. మొన నుండి జానెడు దూరం దాటగానే అది లావెక్కి, వేళ్ల మధ్య తట్టుకునేది.

సదర్ బజారులోని వృద్ధ వడ్రంగి నాలుగేసి అంగుళాలకొక పెన్సిలు గుర్తు పెట్టి, కాలిపర్‌తో మందం కొలిచాడు. లావు వైపు నుండి మొన వైపుకే చిన్న చిత్రిక నడిపాడు. ఎదురు పోతే చెక్క పేలిపోతుంది. రెండు పట్లు పట్టడం, కర్రను కాస్త తిప్పడం, మళ్లీ కొలవడం. కొంచెం ఎక్కువ గీస్తే కర్ర దెబ్బకు ఊగుతుంది, పోయిన చెక్క తిరిగి రాదు. నా గుండె దడదడలాడింది.

"తండ్రిగారిదా, బాబూజీ? అయితే పిడి ముట్టను," అన్నాడు. అక్కడ ఆయన చేతి నలుపు ఉంది.

గరుకు కాగితంతో నిలువునా రుద్ది, అవిసె నూనె పూశాడు. బాణపు మొనల వంటి చెక్క రేఖలు ఒక్కొక్కటే పైకి తేలాయి.