అడ్మిన్ పాస్‌వర్డ్ లేకుండానే కంప్యూటర్‌ను మన పక్కకు తిప్పుకోవచ్చు

మేము బ్రహ్మంగారిమఠం పక్క నుంచి వచ్చి, ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ముగ్గురం. ఇద్దరం సుగాలీలం, ఒకరు ఎరుకల. ముగ్గురి ఇళ్లలోనూ కాలేజీ మెట్టెక్కింది మేమే మొదలు. పోస్టు పొడుగైంది, తీరిగ్గా చదవండి.

మా హాస్టల్లో రెండు పాత కంప్యూటర్లు ఉన్నాయి. రెండు జీబీ ర్యామ్, అంతే. విండోస్ తెరుచుకునేలోపు టీ తాగి రావచ్చు. పోయినేడు ఒక సీనియర్ అన్న వాటిలో డెబియన్ లినక్స్, పైన ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ వేసిపోయినాడు. ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలికది, పాత మిషన్లకు సరిపోతుంది. అక్కడికి బాగానే ఉంది. రెండు ఇబ్బందులు మాత్రం మిగిలినాయి. ఒకటి, సెలవులకు పోయి వచ్చేసరికి ఎవరో ఒకరు అకౌంట్ మొత్తం తుడిచేసి కొత్తది పెట్టి ఉంటారు. మేము పెట్టుకున్నవన్నీ పోతాయి. అడ్మిన్ పాస్‌వర్డ్ మా చేతిలో ఉండదు. రెండోది, హాస్టల్లోని చిన్న పిల్లోళ్లు తెర మీద ఇంగ్లీషు చూసి వెనకే నిలబడతారు. కుర్చీ ఖాళీగా ఉన్నా కూర్చోరు. వాళ్లకు రాక కాదు, తప్పు నొక్కితే ఎవరైనా నవ్వుతారేమో అని. ఆ భయం ఎట్లుంటుందో ఈ గ్రూపులో ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఈ రెంటికీ ఒకటే మందు దొరికింది, స్క్రిప్ట్. పేరు పెద్దదిగానీ పని చిన్నదే. మౌస్‌తో ఒక్కొక్కటిగా మార్చే సెట్టింగులను కమాండ్లుగా ఒక టెక్స్ట్ ఫైల్లో వరుసగా రాసిపెట్టడం. పెళ్లి సరుకుల చీటీ రాసి అంగట్లో ఇస్తే అన్నీ కట్టి ఇచ్చినట్టు, ఆ ఫైల్ నడిపితే కంప్యూటర్ పైనుంచి కిందిదాకా అన్నీ చేసేస్తుంది. ఫైలు పెన్‌డ్రైవ్‌లో ఉంటుంది. అకౌంట్ తుడిచినా ఒక నిమిషంలో మన డెస్క్‌టాప్ మళ్లీ వస్తుంది.

కమాండ్లు ఎట్ల తెలుస్తాయి అని అడుగుతారు. బట్టీ పట్టనక్కర్లేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈలో ‘ఎక్స్‌ఎఫ్‌కాన్ఫ్ క్వెరీ’ అని ఒక కమాండ్ ఉంది (కొట్టేటప్పుడు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టాలి, ఇక్కడ పలికేట్టు రాస్తున్నాం). దానికి ‘మైనస్ సి’ పెట్టి ‘ఎక్స్‌సెట్టింగ్స్’ అనే చానల్ పేరు ఇచ్చి, ‘మైనస్ ఎం’ పెట్టి నడిపితే అది కాపలా కూర్చుంటుంది. అప్పుడు మౌస్‌తో థీమ్‌గానీ ఫాంట్‌గానీ మార్చండి. ఏ పేరున్న సెట్టింగు మారిందో టెర్మినల్‌లో పడుతుంది. ఆ పేరు తీసుకుని, కొత్త విలువ జోడించి, స్క్రిప్ట్‌లో ఒక లైను రాసుకోవడమే. గ్నోమ్ డెస్క్‌టాప్ వాడేవాళ్లకు ఇదే పని ‘డీకాన్ఫ్ వాచ్’ చేస్తుంది. మేము నేర్చుకున్నది ముక్కాలు భాగం ఇట్లనే.

ఇప్పుడు మా స్క్రిప్ట్‌లో ఏముందంటే, ముందు పాత సెట్టింగుల ఫోల్డర్‌కు ఒక కాపీ తీసి పెడుతుంది. తర్వాత మండలి ఫాంట్‌ను మన హోమ్ ఫోల్డర్‌లోని ఫాంట్ల చోట వేసి, అక్షరం సైజు పెంచుతుంది. పోతన 2000, వేమన 2000 కూడా పెట్టుకోవచ్చు, తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు చేసి ఉచితంగా ఇచ్చిన ఫాంట్లు అవి. (పోతన మా ఒంటిమిట్ట ఆయనే అని మా జిల్లాలో వాదించేవాళ్లు ఉన్నారు, ఆ గొడవ ఇప్పుడొద్దు.) ఇంకొక లైను కీబోర్డు కోసం, ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే ఇంగ్లీషు నుంచి తెలుగుకు మారుతుంది. వాల్‌పేపర్ బ్రహ్మంసాగర్ నీళ్లు, మేము ఫోన్లో తీసిందే.

అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది పేర్ల దగ్గర. లినక్స్‌లో మెనూలో కనిపించే ప్రతి అప్లికేషన్‌కు ‘డాట్ డెస్క్‌టాప్’ అని ఒక చిన్న ఫైల్ ఉంటుంది. అందులో పేరు ఇంగ్లీషులో ఒక లైను, తెలుగులో ఒక లైను. ఆ ఫైల్‌ను మన హోమ్ ఫోల్డర్‌లోకి కాపీ చేసుకుని పేరు మారిస్తే, సిస్టమ్ దాన్ని వదిలేసి మనదే చూపిస్తుంది. మన కాపీ తీసేస్తే పాతదే మళ్లీ వస్తుంది. ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదు, ఎవరి ఫైలూ చెడదు. (తెలుగు లొకేల్ ముందే వేసి ఉండాలి. అదొక్కటీ అడ్మిన్ పని, మా అన్న వేసిపోయినాడు.)

లినక్స్ తెలుగులోకి ఇప్పుడు రాలేదు. హైదరాబాదులో 2005లో మొదలైన స్వేచ్ఛ వాళ్లు, ఇంకా చాలామంది ఏళ్ల తరబడి జీతం లేకుండా అనువాదాలు చేసినారు. వాళ్లు లేకపోతే మేము మార్చడానికి తెలుగు లైనే ఉండేది కాదు. ఐతే ఫైల్‌ను ‘దస్త్రం’ అన్నారు. దస్త్రం అంటే మా నాయనోళ్లకు తహసీల్దారు ఆఫీసు, పట్టా కోసం తిరిగిన రోజులు గుర్తొస్తాయి. అందుకని మేము డాక్యుమెంట్స్ ఫోల్డర్‌కు ‘కాయితాలు’ అని పెట్టినాం. డౌన్‌లోడ్స్ ‘దించుకున్నవి’. కాలిక్యులేటర్ ‘లెక్క’. టెక్స్ట్ ఎడిటర్ ‘రాత’.

తర్వాత ఒకడన్నాడు, తెలుగే ఎందుకు, మన బోలీ ఎందుకు పెట్టకూడదు అని. గోర్ బోలీకి సొంత లిపి వాడకంలో లేదు, తెలుగు అక్షరాల్లోనే రాసుకుంటాం. కంప్యూటర్‌కు ఆ లైనులో ఏ మాట ఉన్నా ఒకటే. ఫైల్ మేనేజర్‌కు ‘ఘర్’ అని, మ్యూజిక్ ఫోల్డర్‌కు ‘గీద్’ అని పెట్టినాం. పెట్టిన రోజు సాయంత్రం, వెనక నిలబడే పిల్లోడొకడు ముందుకొచ్చి ‘ఘర్’ మీద నొక్కినాడు. ఎవరూ చెప్పలేదు. ఆ రాత్రి వాడు కుర్చీ వదల్లేదు, మా అసైన్‌మెంట్ ఆగిపోయింది.

ఆ తర్వాత ఇంకో సంగతి తెలిసింది. కొన్ని మాటలు మాకే రావు. ఇంటికి ఫోన్ చేసి నాయనమ్మను అడగాల్సి వచ్చింది. ‘పదైదేండ్లు బడికి పంపితే ఇప్పుడు నన్నడుగుతారేమిరా’ అని నవ్వింది. నవ్వినా, ఆమె చెప్పిన మాటలన్నీ రాసుకున్నాం. మఠంలో ఒక పెద్దాయనకు ఇదంతా చెప్తే ‘ఇది కాలజ్ఞానంలో ముందే ఉందిలే’ అన్నాడు. మా పక్క ఏ కొత్త వస్తువొచ్చినా ఇదే మాట, సెల్‌ఫోన్‌కూ అన్నారు, కరోనాకూ అన్నారు.

లినక్స్ మొదలుపెట్టిన లైనస్ టోర్వాల్డ్స్‌కు 1991లో 21 ఏండ్లు, ఆయనా చదువుకునే పిల్లోడే. అది విన్నాక మాకు కొంచెం ధైర్యం వచ్చింది.

ఒక జాగ్రత్త. నెట్లో దొరికిన స్క్రిప్టులను చదవకుండా నడపొద్దు. ‘సుడో’ అని అడిగితే ఎందుకు అడుగుతుందో తెలుసుకోండి. ‘ఆర్ఎం’ అని కనిపిస్తే ఇంకా నిదానం, అది ఫైళ్లను తీసేసే కమాండ్. మాది కూడా మొత్తం చదివాకే నడపండి. 60 లైన్లే, ప్రతి లైను పైనా తెలుగులో వివరం రాసినాం.

ఇప్పుడు మీతో పని. ఎరుకల, కోయ, సవర, కువి మాట్లాడేవాళ్లు మీ మాటలు పంపండి. ఇల్లు, పాట, బొమ్మలు, లెక్క, రాత, వెతుకు, ఈ ఆరు చాలు. తెలుగు అక్షరాల్లో రాసి, ఏ ఊరి వాడకమో కూడా చెప్పండి. ఆదిలాబాద్ పక్క గోండు తమ్ముళ్లు తెలుగు లిపికే ఆగక్కర్లేదు. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది, నోటో ఫాంట్ ఉచితంగా దొరుకుతుంది, స్క్రిప్ట్‌లో ఒక లైను చేరిస్తే సరి. అప్లికేషన్ లోపలి మెనూల మాటలు మార్చడం వేరే పని, దానికి అనువాద ఫైళ్లు తయారు చేయాలి. అది పరీక్షలయ్యాక చూస్తాం.

మా లిస్టులో ఇప్పటికి పదకొండు మాటలున్నాయి. ‘వెతుకు’కు మాత్రం మూడు తండాల వాళ్లు మూడు రకాలు చెప్పినారు. ఏది పెట్టాల్నో ఇంకా తేలలేదు.