ఓవీపీ పెంచిన చెయ్యి నాదే

గడ్డపోతారం, కాజీపల్లి వైపు బల్క్ డ్రగ్ యూనిట్లలో ఇన్‌స్ట్రుమెంటేషన్ చేసేవాళ్లకు ట్రిప్ అనగానే ముందు వచ్చేది విసుగు. బ్యాచ్ ఆగుతుంది, షిఫ్ట్ ఇన్‌చార్జి ఫోన్ మీద ఫోన్ చేస్తాడు. ఆ అలవాటుతోనే వర్క్‌షాపు బెంచీ మీద ఆర్పీఎస్ ట్రిప్పయినా విసుక్కుంటాం. ఆర్పీఎస్ అంటే డిప్లొమా ల్యాబులో మనందరం నాబ్ తిప్పిన ఆ డీసీ పవర్ సప్లైయే. ఆ విసుగుతో నేనొక కంట్రోల్ ప్యానెల్ కాల్చేశాను.

ప్యానెల్ 24 వోల్టులది. లోపల ఐ/ఓ కార్డులు, బయట సోలెనాయిడ్ వాల్వులు. సప్లై 60 వోల్టులది. ప్యానెల్ బెంచీకి 10 మీటర్ల దూరంలో ఉంది, చేతికందిన 1 స్క్వేర్ వైరు లాగాను. రానుపోను 20 మీటర్ల రాగి, దాదాపు 0.36 ఓమ్‌లు. 5 ఆంపియర్లు లాగితే వైరులోనే 1.8 వోల్టులు పోతాయి. అందుకని రిమోట్ సెన్స్ వైర్లు రెండు ప్యానెల్ దాకా తీసుకెళ్లి కట్టాను. అప్పుడు సప్లై తన టెర్మినళ్ల దగ్గర కాక ప్యానెల్ దగ్గర 24 ఉండేలా చూసుకుంటుంది. దానికోసం టెర్మినళ్ల దగ్గర 25.8 ఇస్తుంది.

ఓవీపీ, అంటే వోల్టేజి హద్దు దాటితే అవుట్‌పుట్ కట్ చేసే రక్షణ, 26 దగ్గర పెట్టి ఉంది. మా మోడల్‌లో అది టెర్మినళ్ల వోల్టేజిని చూస్తుంది. వాల్వులన్నీ ఒకేసారి ఎత్తుకుని కరెంటు 6 ఆంపియర్లకు చేరగానే 26 దాటేది, ట్రిప్పయ్యేది. సప్లై చెబుతున్నది ఒక్కటే: నీ వైరు సన్నగా ఉంది. నాకది వినబడలేదు.

"ఊకె కొట్టేస్తున్నదన్నా" అన్నాడు హెల్పర్. "జర పెంచుదాం తియ్" అన్నాను. పెంచడమంటే 28కో 29కో కాదు, మెనూలో ఎంత దాకా పోతే అంత, 66. మళ్లీ ట్రిప్ కాలేదు. సమస్య తీరిందనుకున్నాను.

తర్వాత ప్యానెల్‌ను కొంచెం జరిపినప్పుడు పాజిటివ్ పవర్ వైరు టెర్మినల్ బ్లాకులో వదులైంది. సెన్స్ వైర్లు మాత్రం గట్టిగానే ఉన్నాయి. ప్యానెల్ దగ్గర వోల్టేజి పడిపోయిందని సెన్స్ చెప్పింది, సప్లై పెంచింది. ఎంత పెంచినా ప్యానెల్‌కు చేరడం లేదు కాబట్టి ఇంకా పెంచుతూ చివరిదాకా పోయింది. ఇక్కడొక తిరకాసుంది. సెన్స్ కట్టినప్పుడు ఆ సప్లై డిస్‌ప్లే చూపేది అవతలి చివరి వోల్టేజినే. తెర మీద చిన్న అంకె ఉంది, టెర్మినళ్ల దగ్గర 60 కాచుకుని ఉంది. మల్టీమీటర్ పక్కనే ఉంది, పెట్టి చూడలేదు. సప్లై ఆపకుండానే స్క్రూడ్రైవర్‌తో వైరు బిగించాను.

కార్డుల్లో కెపాసిటర్లు 35 వోల్టులవి. చప్పుడు వచ్చింది, వాసన వచ్చింది, అంతే.

ఓవీపీ 28 దగ్గర ఉండి ఉంటే వైరు వదులైన క్షణంలోనే అవుట్‌పుట్ ఆగి, తెర మీద అలారం కనబడేది. "కరెంట్ లిమిట్ పెట్టాను కదా" అని సూపర్‌వైజర్ ముందు వాదించాను కూడా. అది పనికిరాని వాదన. కరెంట్ లిమిట్ సప్లైని ఆపదు. ఆ కరెంటు దాటకుండా వోల్టేజిని తగ్గించి నడిపిస్తూనే ఉంటుంది. పూర్తిగా ఆపేది ఓసీపీ, అది వేరే సెట్టింగు. రెండూ ఒకటేనని ఇప్పటికీ చాలామంది అనుకుంటారు, డిప్లొమాలో మంచి మార్కులు వచ్చినవాళ్లు కూడా.

నేను చేసిన పని లోకంలో కొత్తదేం కాదు. 2010 ఏప్రిల్ 20న గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి 11 మంది చనిపోయారు. దొంగ అలారాలు రాత్రుళ్లు నిద్ర చెడగొడుతున్నాయని అక్కడి జనరల్ అలారాన్ని తానంతట తాను మోగకుండా చేసిపెట్టారని ఆ రిగ్గు ఎలక్ట్రానిక్స్ టెక్నీషియనే విచారణలో చెప్పాడు. నాది 24 వోల్టుల ప్యానెల్ కాబట్టి స్టోర్స్‌లో కొత్త కార్డులకు ఇండెంట్ పెట్టడంతో సరిపోయింది.

ఇప్పుడు ఓవీపీ అంకెను సప్లైని చూసి పెట్టను, అవతల ఉన్న సరుకు ఎంత ఓర్చుకుంటుందో చూసి పెడతాను. ట్రిప్పయితే ముందు వైరు చూస్తాను. 2.5 స్క్వేర్ లాగితే అదే దూరంలో 6 ఆంపియర్లకు పోయేది 0.9 వోల్టులే. ఆ రోజు నాకు కావలసింది అదే.

ఇంకొకటి. కొన్ని మోడళ్లలో వేడెక్కి ఆగిన సప్లై చల్లారగానే తనంతట తాను ఆన్ అవుతుంది. కరెంటు పోయి వచ్చినా అంతే. మన ప్లాంట్లలో ఆ అవుట్‌పుట్‌కు వాల్వు తగిలించి ఉండొచ్చు, వాల్వు వెనక సాల్వెంట్ లైనుండొచ్చు. పవర్ తిరిగి వచ్చినా అవుట్‌పుట్ ఆఫ్‌లోనే ఉండేలా మెనూలో పెట్టుకోండి.

అలాగే మీ బెంచీ మీది సప్లైలో ఓవీపీ ఎంతుందో ఈ షిఫ్ట్ అయ్యేలోపు చూడండి. అక్కడ మెషీన్ గరిష్ఠ అంకె కనబడితే, ఎవరు పెట్టారని ఆరా తీసేది తర్వాత, ముందు తగ్గించండి.