ఒక్క ఫొటో

మా మహిళా మండలిలో పదిమంది పిల్లలకు పుస్తకాలివ్వాలంటే పుస్తకాలకన్నా ముందు బ్యానరు వస్తుంది. దాని వెనకే షామియానా, పూలదండలు, ఫొటోలాయన. వచ్చిన చందాల్లో ఇవన్నీ పోగా మిగిలినదాంతో పుస్తకాలు. నవ్వకండి, మీ ఊళ్లోనూ ఇంతే అయివుంటుంది. ఆ ఏడు కార్యదర్శిని నేనే. పట్టుచీర కట్టుకుని మరీ వెళ్లాను.

మావారికి కడప బదిలీ అయిన కొత్త. ఇంటర్ చదివే ఓ పిల్ల ఆదివారాలు మా ఇంటికొచ్చి ఇంగ్లీషు చెప్పించుకునేది. పేరు చెప్పను, ఎందుకో మీకే తెలుస్తుంది. తండ్రి హమాలీ. ఒకసారి దిద్దిన తప్పు రెండోసారి చేసేది కాదు. అంత చురుకు! సభలో ఆ పిల్లనే ముందు పిలిచాను. పుస్తకాల కట్ట అందిస్తుంటే ఫొటోలాయన, "పాపా, తలెత్తు! చెయ్యి ఇంకాస్త ముందుకు!" అన్నాడు. ఎత్తలేదు. "ఎత్తమ్మా, ఒక్క ఫొటో" అన్నాను నేనూ. ఎత్తింది.

మర్నాడు పేపర్లో వచ్చింది. కింద 'నిరుపేద విద్యార్థిని' అని వేశారు. నేను కత్తిరించి డైరీలో దాచుకున్నాను కూడా. ఆ ఆదివారం పిల్ల రాలేదు. పై ఆదివారమూ రాలేదు. వెతుక్కుంటూ వెళితే తల్లి మంచం వాల్చి కూర్చోబెట్టింది, మంచినీళ్లిచ్చింది. తర్వాత లోపలికెళ్లి, దారమైనా విప్పని పుస్తకాల కట్ట తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

"ఏంటికమ్మా ఇది?" అన్నాను.

"కాలేజీలో పిల్లోళ్లంతా పేపరు చూపించి నవ్వినారంట. కొనే శక్తి లేదు మాకు, నిజమేనమ్మా. ఆ మాట మేం మీతో చెప్పుకుంటిమి. ఊరందరికీ చెప్పాల్నా?"

నాకు నోట మాట రాలేదు. తలుపు వెనక గాజుల చప్పుడు వినిపించింది. పిల్ల మాత్రం బయటికి రాలేదు.

ఇంటికొచ్చి ఏడ్చాను. ముందు కోపంతోనే లెండి, మేలు చేయబోతే ఇదా ఫలితమని. ఆ తర్వాత మెల్లగా కర్నూలు గుర్తొచ్చింది.

2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రి ఏకమై కర్నూలు మీద పడ్డప్పుడు మా ఇల్లూ మునిగింది. మేడమీద రెండు రాత్రులు గడిపి దిగేసరికి బీరువాలో చీరలు బురదముద్దలు, సగం రాసిన నవల కాగితపు గుజ్జు. (అది పోవడం పాఠకుల అదృష్టమని మావారంటారు.) బ్యాంకు ఆఫీసరు భార్యనే, తాగడానికి నీళ్లు లేవు. వీధి చివర లారీ ఆగి పులిహోర పొట్లాలు పంచుతుంటే వరసలో నిలబడ్డాను. ఎవరో కెమెరా ఎత్తారు. ఒక చెయ్యి పొట్లం కోసం ముందుకెళ్లింది, రెండో చెయ్యి కొంగును ముఖం మీదికి లాగింది. పంచుతున్న ఒకావిడ అది చూసి, కెమెరాకు అడ్డంగా వచ్చి నిలబడి, "తీస్కో అక్కా" అని పొట్లం చేతిలో పెట్టింది. ఆవిడ ఏ ఊరో, ఎవరో ఈనాటికీ తెలియదు. అంత జరిగినదాన్ని, ఆ పిల్లను తలెత్తమన్నాను!

మా జేజిది కోవెలకుంట్ల దిక్కు. చిన్నప్పుడు మాకు ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి కథ చెప్పేది. 1866 కరువులో ఆయన వేలమందికి అన్నం పెట్టి ప్రాణాలు నిలబెట్టాడు. విక్టోరియా రాణి బంగారు పతకం పంపింది. ఆ ఏటి పేరు అక్షయ. అసలు పేరు క్షయేనట, నోటితో అనడానికి భయపడి మనవాళ్లు ముందర 'అ' చేర్చుకున్నారంటారు. కథ చివర జేజి గొంతు తగ్గించి, "మన పెద్దోళ్లు గూడా ఆడ తిన్నోళ్లే" అనేది. "ఊరుకో అత్తా, పిల్లల ముందర!" అని అమ్మ కసిరేది. నూరేళ్లు దాటినా ఆ అన్నం సంగతి మా ఇంట్లో గుట్టే. ఆయన మీద సీమలో పాటలు కట్టి పాడుకున్నారు. జేజి పాడగా నేను విన్నదాంట్లో పెట్టినవాడి పేరే ఉంది, తిన్నవాళ్ల పేరు ఒక్కటీ లేదు. అప్పటికి కెమెరాలు మన సీమదాకా రాకపోవడం మా పెద్దల పుణ్యం.

తర్వాతి సమావేశంలో ఫొటోలు వద్దన్నాను. "ఫొటో లేకపోతే చందా ఎవరిస్తారమ్మా?" అన్నారు అధ్యక్షురాలు. ఆవిడ మాటా తీసెయ్యడానికి లేదు, ఆ ఏడు నిజంగానే చందాలు సగమయ్యాయి. షామియానా మానేశాం కనక పుస్తకాలకు అవే సరిపోయాయి.

పిల్లను మళ్లీ మా ఇంటికి రమ్మనే మొహం లేదు నాకు. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయం ఉంది కదా. 1820లో ఇక్కడికొచ్చిన ఆ దొర, మరుసటేడే పిల్లలకు ఉచితంగా చదువు చెప్పే బళ్లు పెట్టాడు. ఆయన బంగళా ఉన్నచోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రిగారు పట్టుబట్టి, చందాలు పోగుచేసి ఈ గ్రంథాలయం నిలబెట్టారు. నా రాతకోతల కోసం శనివారాలు అక్కడికి వెళుతుంటాను. అక్కడ బల్ల ముందు కూర్చుంటే హమాలీ కూతురెవరో, ఆఫీసరు భార్యెవరో ఎవరూ అడగరు. సందేహాలుంటే అక్కడికి రమ్మని తల్లితో కబురంపాను.

ఆరు వారాలు రాలేదు. ఏడో శనివారం నా పుస్తకం పక్కన ఒక నోటుబుక్కు వచ్చి వాలింది. చూస్తే ఆ పిల్లే. కూర్చోలేదు.

"ఫొటో తియ్యరు కదా మేడం?" అంది.

సెల్‌ఫోను సంచి అడుక్కి తోసేశాను. అప్పుడు కుర్చీ లాక్కుని కూర్చుంది. పాసివ్ వాయిస్‌లోకి మార్చమని పది వాక్యాలిచ్చాడట వాళ్ల సారు, ఒక్కటీ కుదరడం లేదట.